వరంగల్‌లో వైరస్ లేదు

"ఇగ వరంగల్ కంప్యూటర్‌కు సర్ది రాదు, జరం రాదు!" అని 1989లో మంత్రిగారు సుబేదారిలోని చేనేత ఆఫీసులో రిబ్బను కత్తిరించి ప్రకటించారు. అక్కడి యూనిక్స్ మెషిన్ ఇకపై ప్రతి సోమవారం, ఎవరూ చెప్పకుండానే, కొత్త వైరస్‌ల పేర్లు చదువుకుని, అవి ఎక్కడ కనిపించినా తుడిచేస్తుంది. ఏసీ చలికి వణుకుతూ మట్టెవాడ నేతగాడు కైలాసం కూడా చప్పట్లు కొట్టాడు. అతని మగ్గం ఖాళీగా ఉంది. నూలు చీటీ ఇవ్వాల్సింది ఆ మెషినే.

సోమవారం వచ్చింది గానీ, హైదరాబాద్ నుంచి పేర్ల ఫ్లాపీ రాలేదు. జాయింట్ డైరెక్టర్ సారంగపాణిగారు వెనకడుగు వేసే మనిషి కారు.

"వైరస్ అంటె ఏందమ్మా?" అని ఆపరేటర్ సరోజనను అడిగారు.

"పని సాగనియ్యకుండ అడ్డం పడేది సార్."

"గంతేనా? అసొంటియి మనకు లోకల్‌గనే మస్తున్నయ్!"

సెక్షన్లన్నిటికీ మెమో వెళ్లింది. ఆఫీసు పనికి అడ్డొచ్చేవాళ్ల పేర్లు సాయంత్రానికే వచ్చిపడ్డాయి. ఆ ఆఫీసులో ఏ కాగితమూ అంత వేగంగా కదిలి ఎరగదు. మరుసటి సోమవారం మెషిన్ ఆ పేర్లు చదువుకుని తన పని తాను చేసుకుపోయింది.

కైలాసం చీటీ కోసం వెళ్తే సరోజన తెరమీద వెతికి వెతికి తల గోక్కుంది.

"నీ పేరు లేదు కాకా."

"పోయిన వారం ఉండె గద బిడ్డా?"

"పోయిన వారం నువ్వచ్చి నూలు ఏదని అడిగినవ్ గద."

"అడుగకుంటె ఎట్లిస్తరు?"

సారంగపాణిగారి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. "నా చేతుల ఏం లేదు కైలాసం, అంత ఆటోమేటిక్," అన్నారు వారు, ఎంతో బాధగా.

నెల తిరిగేసరికి జిల్లాలో పెండింగ్ అర్జీలు సున్నా. ఇంతటి ఘనత మరే జిల్లాకూ దక్కలేదు. అభినందించడానికి మంత్రిగారే బయలుదేరారు. వారికి శాలువా కప్పడానికి సంతోషంగా ఉన్న నేతగాడొకడు కావాలి. జీపు మట్టెవాడ వెళ్లి కైలాసాన్ని ఎక్కించుకొచ్చింది.

"శాలువ కప్పు, నవ్వు, నోరు మాత్రం తెరువకు. సోమవారం నీ పేరు మళ్ల ఎక్కిస్త," అన్నారు సారంగపాణి.

మిల్లు శాలువా అది. మగ్గం మీద నేసింది కాదని ముట్టుకోగానే కైలాసానికి తెలిసిపోయింది. అయినా కప్పాడు, నవ్వాడు.

"నూలు మంచిగ అందుతాందా పెద్దమనిషీ? ఏమన్న కావాల్నా?" అని మంత్రిగారు మైకులోనే అడిగారు.

ఇంట్లో భార్య భాగ్యమ్మ పొద్దున్నే మగ్గం దుమ్ము దులిపి కూర్చుంది. కైలాసం సారంగపాణి ముఖం చూశాడు.

"ఏం వద్దు సార్. మస్తుగున్నది."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "విన్నరా! వరంగల్‌ల నూలడిగే మనిషే లేడు! ఇయ్యాల్టి సంది ఈ జిల్లా కోటా మొత్తం పక్క జిల్లాకు పంపుతున్న!"

హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ హోరులో సారంగపాణి కైలాసం భుజం తట్టారు.

"నేను మాట తప్పేటోన్ని కాదు. సోమవారం నీ పేరు ఎక్కుతది."