ఎవరికీ సరిపడని బల్ల

ఆ ఉదయం జపాన్‌లోని నీగతా ఊళ్ళో హొమ్మా డాక్టరుగారి మెడ మళ్ళీ పట్టేసింది. భార్య మాయు నొప్పి పట్టీ అంటిస్తూ, "వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయంటున్నారు. రేపెప్పుడైనా కత్తి జారితే? ఇవాళైనా మీ గురువుగారిని అడగండి, ఆ ఆపరేషన్ బల్ల కాస్త ఎత్తమని," అంది.

"ఇవాళ అడిగి తీరతా," అన్నాడు హొమ్మా. ఇన్నేళ్ళుగా అంటున్న మాటే. కానీ ఇక వాయిదాకు వీల్లేదు. సర్జన్ సుగాయి గురువుగారికి ఇవాళే చివరిరోజు, రేపటినుంచి పదవీ విరమణ.

గురువుగారు పొట్టి, హొమ్మా తాడిచెట్టు. బల్ల ఎంత ఎత్తుండాలన్నది పెద్దవారి ఇష్టం. వంగడం చిన్నవాళ్ళ వంతు.

రోగిని తీసుకురాకముందే హొమ్మా ధైర్యం కూడగట్టుకున్నాడు. "గురువుగారూ, ఈ బల్ల కొంచెం..." అని ఆగాడు. మర్యాద తెలిసినవాడు కోరికను సగమే చెబుతాడు. మిగతా సగం ఎదుటివారు అందుకోవాలి.

గురువుగారు అందుకున్నారు. "చివరిరోజు కూడా నా గురించేనా నీ బెంగ! సరేలే," అంటూ బల్లను ఇంకాస్త దింపించారు.

ఆపరేషన్ మధ్యలో హొమ్మా రొయ్యలా ముడుచుకుపోయాడు. చూసి జాలిపడిన నర్సు కొయనాగి, పాపం కూర్చుంటాడేమోనని ఒక పీట తెచ్చి వేసింది. అది తనకేననుకున్నారు గురువుగారు. కాదంటే నొచ్చుకుంటుందని ఎక్కి నిలబడ్డారు. ఇప్పుడు ఆయనా హొమ్మా అంతగా వంగాల్సి వచ్చింది. తలలు ఢీకొన్నప్పుడల్లా ఇద్దరూ క్షమాపణ చెప్పుకున్నారు. రోగి క్షేమంగా బయటపడ్డాడు. డాక్టర్లే నిటారుగా నిలబడలేకపోయారు.

బట్టలు మార్చుకునే గదిలో గురువుగారు చొక్కా విప్పారు. నడుమంతా నొప్పి పట్టీలే!

"మీక్కూడానా!" అన్నాడు హొమ్మా.

"నాకు ఎత్తు బల్లే అలవాటయ్యా. నువ్వొచ్చిన మొదటిరోజు నాకోసమని దించావు. అంత ప్రేమగా దించితే వద్దని ఎలా అనను?"

"ఒక్క మాట చెప్పాల్సిందండీ."

"నువ్వు అడగాల్సింది."

ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు. నిజంగానే ఏడుపొచ్చింది వాళ్ళకి. ఎవరూ కోరని మర్యాదకు ఒక మెడా ఒక నడుమూ బలైపోయాయి.

"నాదెలాగూ అయిపోయింది. నీ చేతులైనా కాపాడుకో," అన్నారు గురువుగారు. "రేపటినుంచి అక్కడ పెద్దవాడివి నువ్వే. నోరు తెరిచి అడుగు."

మర్నాడు హొమ్మా బల్లను తన ఎత్తుకు పెంచుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. గురువుగారి మాట గుర్తొచ్చి, ఎదురుగా నిలబడ్డ కొత్త డాక్టరమ్మ ఇగరాషిని అడిగాడు. "ఈ ఎత్తు నీకు సరిపోయిందా అమ్మా? మొహమాటం లేకుండా చెప్పు."

"చాలా హాయిగా ఉందండీ," అంది ఆ అమ్మాయి, మునివేళ్ళ మీద నిలబడి.