మామగారికి అక్కర్లేని మెట్లు

పదకొండు గంటలకు అగ్నిమాపక అధికారి వస్తాడు. నాలుగంతస్తులూ చూస్తాడు, సంతకం పెడతాడు, వెళ్ళిపోతాడు. ఆ ఉదయం గడ్డం గీసుకుంటూ ఇంజనీరు అల్లుడు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తప్పు జరగడానికి సందెక్కడుందో అతనికి ఎంత వెతికినా కనబడలేదు.

కుట్టు కార్ఖానా మామగారిది. నూట నలభై మంది మిషన్ల మీద చొక్కాలు కుడతారు. కిందటేడు మరమ్మతులప్పుడు అల్లుడు నిబంధనల పుస్తకం ముందేసుకుని, భవనానికి వెనక వైపు రెండో మెట్లదారి కట్టించాడు. అప్పటినుంచీ అది మామగారి కంట్లో నలుసు. బట్టల థాన్లు పెట్టుకోవలసిన చోట ఉత్తి మెట్లేమిటని ఆయన బాధ.

"చూడండి అల్లుడుగారూ, ఇవాళ సంతకం పడిందా, మీ మెట్లు మీవి. పడలేదా, రేపటినుంచి అది నా గోడౌను. ఆ మెట్ల ఊసే లేకుండా అనుమతి తెచ్చిపెడతానని ఇంకో ఇంజనీరు నా చుట్టూ తిరుగుతున్నాడు" అన్నారాయన.

పై అంతస్తు వాళ్ళకు దిగడానికి ఒకే ఒక్క దారి ఉన్న రోజుల్లో అతనికి కంటి నిండా నిద్ర ఉండేది కాదు.

పదింటికి వడ్రంగిని పిలిచాడు. "పైకప్పుకి పొగ పసిగట్టే పరికరాలున్నాయి కదా, దుమ్ము పడకుండా వాటికి తొడిగిన ప్లాస్టిక్ మూతలు తీసెయ్. ఇంకేమీ ముట్టుకోకు."

వడ్రంగి మూతలన్నీ తీశాడు. అక్కడితో ఆగేవాడే, కానీ మూడో అంతస్తులో ముందు వైపు మెట్ల తలుపు చట్రానికి రాసుకుంటూ అతని కంటపడింది. బిగుసుకున్న తలుపును చూసి కూడా వదిలేసి పోవడం వాళ్ళ వంశంలోనే లేదు. నునుపు చేసే మిషను తగిలించి అంచు రుద్దేశాడు. చెక్కపొడి గుప్పున లేచింది. అప్పుడే మూత తీసిన పరికరం దాన్ని పొగే అనుకుంది.

గంట మోగింది.

కింద మామగారు అధికారి కూర్చోవడానికని కొత్త సోఫాను లిఫ్టులో పైకి తీసుకెళ్తున్నారు. గంట మోగగానే లిఫ్టు ఆయన్ని మాటమాత్రమైనా అడక్కుండా వెనక్కి కిందికి తెచ్చి, తలుపులు తెరిచి మొరాయించింది. గోడ మీద ఎర్ర డబ్బా, దాని మీద 'అద్దం నొక్కి పగలగొట్టండి' అన్న అక్షరాలు కనిపించాయి. గంట ఆపడానికే కాబోలనుకుని ఆయన బొటనవేలితో గట్టిగా నొక్కారు. అప్పటిదాకా ఆగి ఆగి మోగుతున్న గంట ఇక ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

నాలుగో అంతస్తులో ఉన్న అల్లుడికి కింది అంతస్తులో వడ్రంగి మిషను చప్పుడు వినగానే సంగతి అర్థమైంది. రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు. "మంటా లేదు, ఏమీ లేదు. చెక్కపొడి. అందరూ కూర్చోండి."

ఆ అంతస్తు పని చూసే మేస్త్రమ్మ మిషను ఆపి లేచింది. "గంట మోగితే ఎవరి మాటా వినొద్దని మీరే కదా బాబూ చెప్పింది."

"చెప్పానమ్మా. నా మాట కూడా వినొద్దని చెప్పలేదు."

"ఓనరుగారు చెప్పినా వినొద్దన్నారు. మీరు ఆయన అల్లుడే కదా. పక్కకి జరగండి, లేదంటే మాతో దిగండి."

అతను దిగాడు.

వెనక మెట్లు దిగుతూ చూశాడు. తలుపులను తెరిచి పట్టి ఉంచిన అయస్కాంతాలు వదిలేశాయి. ప్రతి గుంపు వెనకా తలుపు దానంతటదే మెత్తగా మూసుకుంటోంది. మెట్ల అంచుల్లో దీపాలు వెలిగాయి. ఎక్కడినుంచో చల్లగాలి. ఇద్దరేసి పక్కపక్కన నడుస్తున్నా భుజం భుజం తగలడం లేదు. వెడల్పు ఇంతుండాలి, మెట్టు ఎత్తు ఇంతుండాలి అని పుస్తకంలో చదివి విసుక్కుంటూ గీసిన గీతలివి. ఒక్కో అంకె ఒక నిండు గర్భిణి అడుగు కింద, ఒక ముసలి మోకాలి కింద నిలబడి మోస్తోంది. తాను కట్టినది తనకంటే ఇంత పెద్దదని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. సంతకం సంగతి రెండంతస్తుల పాటు మరిచేపోయాడు.

ఆవరణలోకి రాగానే గుర్తొచ్చింది. అధికారి అరగంట ముందే వచ్చి, గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"మూడు నిమిషాల్లో అంతా బయటికొచ్చేశారు. నేనొస్తానని ముందే తర్ఫీదు ఇచ్చి పెట్టారా?"

అవునంటే సరిపోయేది. "లేదండీ, వడ్రంగి తలుపు రుద్దాడు, దుమ్ముకి మోగింది" అన్నాడు అల్లుడు.

"పైగా మమ్మల్ని దిగొద్దని అడ్డం నిలబడ్డారండీ" అంది మేస్త్రమ్మ, తలలు లెక్కపెడుతూనే.

మెట్లు గోడౌనైపోయాయనుకున్నాడు అల్లుడు. అంతలో ఆ మెట్ల తలుపే తెరుచుకుని మామగారు బయటపడ్డారు. అల్లుణ్ణి వెతుకుతూ ముందు వైపు మెట్లెక్కి, మూడో అంతస్తులో చెక్కపొడి చూసి నిజంగా పొగే అనుకుని, వెనక దారిన దిగారట. జుట్టంతా చెక్కపొడితో తెల్లగా ఉంది.

అధికారి పైకెళ్ళి అంతా చూసొచ్చాడు. "రుద్దిన తలుపుకి సందు ఎక్కువైంది, పొగ ఆగదు. రెండ్రోజుల్లో కొత్తది పెట్టండి, మళ్ళీ వచ్చి చూస్తాను. చెప్పి పెట్టిన పరీక్షలో ఎవరైనా దిగుతారు. కట్టినవాడే ఆపుతున్నా దిగారు చూడండి, అది నేనింతవరకు చూడలేదు" అంటూ సంతకం చేశాడు. "ఇంతకీ వెనక మెట్లు పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

"నాదేనండీ" అన్నారు మామగారు.

అల్లుడు ఖండించలేదు, కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు.