జిగురులో బంగారం

కొండలో బంగారం ఉన్నట్టు తమ ప్రయోగశాల నిర్ధారించిందని, సోమవారం నుంచి తవ్వకం మొదలవుతుందని ప్రకటించడానికి సంస్థ ఎంతో సంతోషించింది.

నిర్ధారించింది సూక్ష్మదర్శిని దగ్గర కూర్చునే ఆవిడ. తెల్లరాయి వేడినీళ్లలోంచి పుట్టేటప్పుడు కాసిని చుక్కల్ని కడుపులో దాచుకుంటుంది. ఆ చుక్కల పక్కనే ఉత్త ఆవిరి బుడగలు కనబడితే ఆనాడు అక్కడ నీళ్లు మరిగాయని లెక్క. మరిగిన చోట బంగారం మీద ఆశ పెట్టుకోవచ్చు. ఆవిడకు ఆవిరి బుడగలు కుప్పలుగా కనబడ్డాయి. ఆడపడుచు అలమరలో దుమ్మును గుమ్మంలోంచే పసిగట్టే కన్ను అది. పొరబడదని ఆవిడే యోగ్యతాపత్రం ఇచ్చుకుంది.

నివేదిక మీద మరో ఎనిమిది మంది సంతకాలు చేశారు. అందరూ పెద్ద విద్వాంసులు కావడంతో ఎవరికీ రాయిని చూడవలసిన అవసరం కలగలేదు.

"రాయి అబద్ధం చెప్పదు! కోట్ల ఏళ్ల రహస్యాన్ని మన చెవిలోనే ఊదింది!" అన్నాడు డైరెక్టర్. చప్పట్లు మోగాయి.

శుక్రవారం ఫొటో తీద్దామని ఆవిడ ఆ రాతిపలకను సూక్ష్మదర్శిని కింద మళ్లీ పెట్టి, చూపు పైనుంచి అడుగుదాకా దిగేలా మర తిప్పింది. రాయి మందం అయిపోయాక, దాని అడుగున బుడగలు మొదలయ్యాయి. పలకను గాజుకు అంటించే జిగురును గబగబా కలిపింది ఆవిడే. అందులో గాలి చేరింది. రాయి నిజంగానే అబద్ధం చెప్పలేదు, మాట్లాడింది జిగురు. కోట్ల ఏళ్ల రహస్యం వయసు పదకొండు రోజులు.

"సార్, అవి రాతిలో బుడగలు కావండీ. జిగురులోవి. తప్పు నాదే."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"మరి హాయిగా ఉన్నవాణ్ణి, నాకెందుకు చెప్పావమ్మా? యంత్రం దార్లో ఉంది. ఆపితే కారణం ఏమని రాయను?"

"పొరపాటని రాయండి."

"ఫారంలో ఆ గడి లేదు."

ఇంట్లో ఆడపడుచు అంతా విని, "మా దుమ్ము కనబడింది గానీ నీ గాలి కనబడలేదా వదినా!" అని తృప్తిగా నిట్టూర్చింది.

ఆవిడ తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసి ఇచ్చింది. దానికి ముద్ర వేసి భద్రపరిచారు. మూడువందల మీటర్లు తవ్వితే రాయి తగిలింది, దాని కింద ఇంకా రాయి తగిలింది.

విచారణ సంఘం వేశారు. అనుభవం ఉన్నవాళ్లని ఆ ఎనిమిది మందినే వేశారు. వాళ్లు అసలు చూడలేదు కాబట్టి నిర్దోషులని తేలింది. చూసింది ఆవిడ ఒక్కతే. ముందే తెలుసనడానికి ఆవిడ ఉత్తరమే సాక్ష్యం. ఉద్యోగం తీసేయాల్సిందే.

అయితే డైరెక్టర్ దయామయుడు. ఒక కాగితం ముందుకు తోశాడు.

"చదవకుండా సంతకం పెట్టమ్మా, నీ కుర్చీ నీకే ఉంటుంది."

ఆవిడ కళ్లజోడు తీసేసి సంతకం పెట్టింది. ఇప్పుడు సంస్థలో ఆవిడకు మంచి పేరు. తొమ్మిది సంతకాలు ఒక్క పూటలో అయిపోతున్నాయి.

మనమైతేనా, ప్రతి కాగితమూ ఆఖరి అక్షరం దాకా చదివే పెడతాం!