బురదగుంటను కాపాడిన కథ

ఒక పెద్ద అడవిలో, వాగు ఒంపు దగ్గర ఒక బురదగుంట ఉండేది. పోలమ్మ అనే గేదెకు ఎండాకాలంలో అదే పుట్టిల్లు, అదే ఆస్పత్రి. దూడతో సహా దిగి పడుకుందంటే జోరీగలు ఏడ్చుకుంటూ తిరుగుముఖం పట్టాల్సిందే.

ఆ అడవి పంచాయతీకి నక్క ప్రెసిడెంటు. పట్నం శివార్ల చెత్తకుప్పల్లో నాలుగు రోజులు తిరిగొచ్చింది కాబట్టి దానికి అభివృద్ధి గురించి తెలియంది లేదు. పట్నం పెంపుడు జంతువులు పల్లెదనానికి మొహం వాచి ఉన్నాయనీ, మన గుంటను చూడ్డానికి ఎగబడి వస్తాయనీ, వస్తూ వస్తూ బిస్కెట్లు తెస్తాయనీ సభలో చెప్పింది. బిస్కెట్ల మాట చెవిన పడగానే కోతులు తోకలతో సహా చేతులెత్తి ఓటేశాయి.

మరి అంత విలువైన గుంటను కాపాడొద్దూ? చుట్టూ ముళ్ళతీగ వేశారు. 'పల్లెదనం పరిరక్షణ స్థలం, లోపల దిగరాదు' అని బోర్డు పెట్టారు.

పోలమ్మకు కడుపు మండింది. నేరుగా పంచాయతీకి పోయి, "ప్రెసిడెంటు గారూ, మేం పొర్లి తొక్కబట్టే కదా అడుగుమట్టి గట్టిపడి నీళ్ళు నిలిచేది? మేం దిగకపోతే అక్కడ గుంటెక్కడిది?" అంది.

నక్క జాలిగా చూసింది. "పోలమ్మక్కా, నీ మంచికే చెబుతున్నా. అది మన సంస్కృతి. సంస్కృతిలో ఎవరైనా పొర్లుతారా?"

ఎండలు ముదిరాయి. దూడ ఒంటినిండా పిడుదులు పట్టాయి, చర్మం పగిలింది. కంచె అవతల చల్లటి బురద, ఇవతల చెట్టుకు ఒళ్ళు రాసుకుని ఏడ్చే బిడ్డ. ఏ తల్లి మాత్రం ఎన్నాళ్ళని చూస్తుంది? దూడను తోలుకుని పోలమ్మ వాగు దాటిపోయింది. మిగతా గేదెలూ వెనకే నడిచాయి. పంచాయతీ వాటికి వీడ్కోలు సభ పెట్టి, బోర్డుకు రంగు వేయించింది.

గిట్టలు పడని గుంటలో నీళ్ళు ఇంకిపోయి నేల నెర్రెలిచ్చింది. సరిగ్గా అప్పుడే పట్నం కుక్కలూ పిల్లులూ బిలబిలమంటూ దిగాయి. బురదేదీ, గేదెలేవీ అని అడిగాయి. నక్క ఏమాత్రం తొణకలేదు. ఎలుగుబంటికి కొమ్ములు కట్టి ఎండుగుంటలో పడుకోబెట్టింది. అదేమో గుర్రు పెట్టి నిద్రపోయింది. పట్నం చుట్టాలు తాము తెచ్చిన బిస్కెట్లు తామే తినేసి, తిట్టుకుంటూ వాగు దాటాయి.

అక్కడ తొక్కి తొక్కి చేసుకున్న కొత్త గుంటలో, చెవులదాకా బురదలో, పోలమ్మ నెమరేస్తోంది. పక్కనే దూడ ఒళ్ళు మరిచి పడుకుంది. పల్లెదనమంటే ఇదీ అనుకుంటూ చుట్టాలు గట్టుమీదే కూలబడ్డాయి.

ఆ సంగతి తెలిసి నక్క పరుగెత్తుకొచ్చింది, భుజాన ముళ్ళతీగ చుట్టతో. "ఇంత మంచి గుంట పెట్టుకుని చెప్పవేం అక్కా? దీన్ని వెంటనే కాపాడాలి. కాస్త లే."

పోలమ్మ లేవలేదు. తోక ఒక్క విసురు విసిరింది. నక్క మొహం నిండా పల్లెదనమే.

నీతి: పల్లెను కాపాడాలంటే ముందు పల్లెవాళ్ళను బయటికి పంపాలి, లేకపోతే వాళ్ళు అందులో బతికేస్తారు.