గోడ మీది గుసల్ఖానాలు

కొమురమ్మ ఆ రోజు పెట్టుకున్న పనులు మూడే. పొద్దు పొడవక ముందే పిడకలు కొట్టాలి, స్నానం చేయాలి, కిషన్‌బాగ్‌లో మనమరాలి తొట్టెల వేడుకకు బస్సెక్కాలి. మొదటిదీ మూడోదీ ఆమెకు లెక్కే కాదు. ఎటొచ్చీ స్నానంతోనే చిక్కు. లాల్‌దర్వాజాలోని ఆ గల్లీలో ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళకు కలిపి ఉన్నది నాలుగు కర్రలు, వాటికి చుట్టిన గోనెపట్టాలు. తెల్లారి మగవాళ్ళు గల్లీలోకి వచ్చారంటే ఇక మరునాటిదాకా స్నానం మాటే లేదు. తలుపులున్న స్నానపు గదులు, గుసల్ఖానాలు కట్టించమని అందరూ వేలిముద్రలు వేసి ఇచ్చిన అర్జీకి రెండేళ్ళు నిండాయి. ఎప్పుడడిగినా బస్తీ కమిటీ అధ్యక్షుడు లక్ష్మయ్య, "ఇంక మంజూరు గాలే కొమురక్కా. సర్కారు పనులు గట్లనే ఉంటయి," అని మీసం దువ్వుకునేవాడు.

మూతపడ్డ గోదాము వెనక గోడ ఇరవై ఏళ్ళుగా ఆమె పిడకల గోడ. ఆ మసక చీకట్లో చూస్తే దానికెవరో సున్నం కొట్టారు. నడుమ నీలంరంగు గీతలేవో ఉన్నాయి. కొమురమ్మకు చదువు రాదు, వచ్చినా ఆ చీకట్లో అక్కరకు రాదు. "ఎవల పుణ్యమో, నా గోడకు సున్నం గూడ ఏసిండ్రు," అని మురిసిపోయింది. ముసురు వల్ల రెండు రోజులుగా పోగుపడ్డ తన బర్రెల పేడనంతా ముందేసుకుని, ఈ చివర నుంచి ఆ చివరిదాకా సందు లేకుండా కొట్టేసింది. సున్నం మీద పిడక అంత ముద్దుగా అంటుకుంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆఖరి పిడక కొట్టి, మోచేతుల దాకా పేడతో గోనెపట్టాల వైపు తిరిగిందో లేదో గల్లీ మొదట్లో జీపు ఆగింది. అందులోంచి ఒక ఆఫీసరు చంకలో ఫైలుతో దిగాడు. లక్ష్మయ్య భుజాన తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు.

"సర్కారు గ్రాంటుతో చేసిన పని వివరాలు జనం చదువుకునేలా గోడ మీద రాయించాలి కదా, ఎక్కడ రాయించారు?" అన్నాడు ఆఫీసరు.

"గీ గోడ మీదనే సార్! నిన్ననే..." అంటూ చెయ్యి చూపించిన లక్ష్మయ్య అదే చేత్తో నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యయ్యో! సర్కారు రాత మీద పెండ కొట్టింది సార్ గీమె!"

నీళ్ళ బిందెతో పోతున్న బుచ్చమ్మ ఈ మాట విని పక్క ఇంట్లో చెప్పింది, కొమురక్క సర్కారు మీద పెండ కొట్టిందని. పక్కింటావిడకు సర్కారంటే జీపులో వచ్చిన ఆఫీసరే. మాట పోలీసు చౌకీ చేరేసరికి పేడ ఆఫీసరు మొహం మీదికి వెళ్ళింది. జవాను లాఠీతో ఉరికొచ్చి, ఆఫీసరు మొహాన్ని అటూ ఇటూ పరీక్షగా చూసి, "ధో లియే క్యా సాబ్?" అని జాలిగా అడిగాడు.

"నేనేం కడుక్కోవాలి?" అని ఆఫీసరు మండిపడ్డాడు.

అప్పటికి తెల్లగా తెల్లారింది. బీడీలు ముట్టించుకుంటూ మగవాళ్ళంతా గల్లీలో గుమిగూడారు. కొమురమ్మ గోనెపట్టాల వైపు ఒకసారి చూసింది. ఇంతమంది నడుమ ఇంకెక్కడి స్నానం! పేడ కంపుతో పోయి పసిబిడ్డను ఎట్లా ఎత్తుకోవాలి? ఆమెకు ఏడుపొచ్చింది. దాని వెనకే ఒళ్ళు మండుకొచ్చింది.

లక్ష్మయ్య మాత్రం ఆఫీసరుకు వినపడేలా గొంతు పెంచాడు. "గీ గోడ ఆమెకు బందు జెయ్యాలె సార్. బర్రెలను బస్తీ అవతలికి తోలాలె. తప్పయిందని కాయితం మీద వేలిముద్ర ఎయ్యాలె!"

"తే కాయితం!" అంది కొమురమ్మ పేడ చెయ్యి చాచి. "ఒక్క వేలెందుకు, ఐదు వేళ్ళు ఏస్త. కాయితం సాలకుంటే నీ అంగి మీద గూడ ఏస్త!"

లక్ష్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. జవాను మూడడుగులు వేశాడు.

"అవన్నీ తర్వాత. రాసింది నేను చదివి సంతకం పెట్టాలి. ముందు ఆ పిడకలు తీయించండి," అన్నాడు ఆఫీసరు.

ఆ ఒక్క మాటతో లక్ష్మయ్య మనసు వెన్నలా కరిగిపోయింది. "వద్దు సార్, పచ్చి పిడకలు! పాపం, ముసలామె కష్టం మట్టిపాలైతది. ఏం రాసినమో నేనే నోటితోని చెప్త. మీరు జర చాయ తాగుండ్రి."

కొమురమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. ఇప్పుడిప్పుడే బర్రెలను తోలాలన్నవాడు పిడకల మీద జాలి పడుతున్నాడంటే ఏదో మతలబు ఉంది. "ఇరవై ఏండ్లల్ల నా పిడకల మీద నీకు గింత ప్రేమ ఎన్నడన్న ఉన్నదా? నేనే కొట్టిన, నేనే తీస్త. బుచ్చమ్మా, నీళ్ళు వొయ్యి!"

"నీళ్ళు పోస్తే రాత పోతది!" అని అరిచాడు లక్ష్మయ్య. పోలేదు. పెయింటరు పాపం నిజాయితీపరుడు, మంచి నూనె రంగు వేశాడు. కొమురమ్మ పీకుతుంటే, బుచ్చమ్మ కడుగుతుంటే, నీలపు అక్షరాలు ఒక్కొక్కటే మెరుస్తూ బయటికొచ్చాయి. యాకుత్‌పురా రైల్వే స్టేషన్లో టికెట్లు చూసే సీమోను అప్పుడే డ్యూటీకి బయల్దేరాడు. అతను సైకిలు ఆపి, రైళ్ళ వేళలు చదివినట్టు గొంతెత్తి చదివాడు.

"లాల్‌దర్వాజా బస్తీ. స్త్రీల స్నానపు గదులు, రెండు. నల్లాతో సహా. ప్రభుత్వ గ్రాంటుతో. పని పూర్తి అయినది."

కొమురమ్మ చేతిలోని పిడక కింద పడింది. "ఏమన్నవ్ సీమోనూ? మల్ల సదువు."

సీమోను మళ్ళీ చదివాడు.

"పూర్తయినయా!" అంది కొమురమ్మ. "రెండేండ్ల సంది పట్టల ఎనక సిగ్గుతోని సస్తున్నం. జరమొచ్చినా, ముసురు వట్టినా చీకట్లనే లేస్తున్నం. నువ్వు గోడ మీద గుసల్ఖానలు కట్టినవా? నా పెండతోని కప్పెడ్దామనుకున్నవా?"

అదీ అసలు సంగతి. గోడ మీద రాయక తప్పదు, రాస్తే జనం చదవక మానరు. అందుకే లక్ష్మయ్య బస్తీలో ఉన్న గోడలన్నీ వదిలిపెట్టి, రాసింది తెల్లారేలోపు పిడకల కింద మాయమైపోయే గోడను ఏరికోరి పట్టుకున్నాడు. నిన్న సాయంత్రమే రాయించి, పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. ఫొటో చూసి సంతకం పెట్టక, ఇంత పొద్దున్నే జీపేసుకుని వచ్చే ఆఫీసరు ఉంటాడని మాత్రం అతను కలలో కూడా అనుకోలేదు.

"గదులు చూపించండి," అన్నాడు ఆఫీసరు ఫైలు తెరిచి.

లేవంటే జైలు. ఉన్నాయంటే ఎక్కడున్నాయి? లక్ష్మయ్య చెమటలు తుడుచుకున్నాడు. ఆ గల్లీ మొత్తానికి నల్లా ఉన్న కొత్త స్నానపు గదులు రెండే ఉన్నాయి. అవి అతని ఇంటి వాకిట్లోనే ఉన్నాయి. సర్కారు సిమెంటు వేరే ఎక్కడికీ పోలేదు మరి. అతను గేటు తీసి, "ఇవే సార్," అన్నాడు నీరసంగా.

ఆఫీసరు నల్లా తిప్పి చూశాడు. "బాగానే ఉన్నాయి. మీ ప్రహరీ లోపల ఎందుకున్నాయి?"

"బస్తీల జాగ దొరకలే సార్. అందుకని నా జాగనే బస్తీకి ఇచ్చిన."

"దానమా?"

"దానమే సార్."

"అదే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

లక్ష్మయ్య రాశాడు. సీమోను సాక్షి సంతకం పెట్టాడు. వంటింట్లోంచి లక్ష్మయ్య భార్య సుశీలమ్మ పరుగెత్తుకొచ్చి, "గిదేంది? నా కోసమని కట్టిచ్చిన అంటివి గద!" అంది.

"సప్పుడు జెయ్యకు! గివి బస్తీయి!" అని లక్ష్మయ్య కళ్ళెర్రజేశాడు.

ఆఫీసరుకు అన్నీ అర్థమయ్యాయి గానీ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "ఆడవాళ్ళు వాడుకుంటున్నారా మరి?"

"గిప్పుడే షురూ జేస్తున్నం సార్!" అంది కొమురమ్మ. తల ఎత్తుకుని, పేడ చేతులతోనే వాకిలి దాటి, మొదటి గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది. ఒక్క క్షణంలో లోపల నల్లా చప్పుడు మొదలైంది. ఆ గల్లీలో మొదటిసారి ఆమె ఎండెక్కాక, తొందర లేకుండా, వీపు రుద్దుకుంటూ స్నానం చేసింది. ఆమె బయటికొచ్చేసరికి వాకిట్లో బకెట్ల వరస గేటు దాటి గల్లీలోకి సాగింది. తన ఇంట్లోకి తనే ముందు పోబోయిన సుశీలమ్మను, "లైన్ల నిలవడు సుశీలమ్మా, అందరం ఆడోళ్ళమే గద," అని బుచ్చమ్మ వెనక్కి పంపింది.

'పని పూర్తి. వాడుకలో ఉన్నది' అని ఆఫీసరు రాసుకుని వెళ్ళిపోయాడు. కొమురమ్మ తడి తల ఆరబోసుకుంటూ కిషన్‌బాగ్ బస్సెక్కి, మనమరాలిని మనసారా ఎత్తుకుంది.

గోడ మీద 'స్త్రీల' అని రాసి ఉండడంతో లక్ష్మయ్య మర్నాటి నుంచి యాకుత్‌పురా స్టేషన్ నల్లా కింద స్నానం చేస్తున్నాడు. సీమోను అతణ్ణి ఏమీ అనడు, ప్లాట్‌ఫారం టికెట్టు మాత్రం అడుగుతాడు.