ఏనుగైనా సరే

ఆ ఆదివారం పొద్దున బ్లాగుబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోగా భార్య క్లినిక్‌కు ఒక వెబ్ పేజీ పెట్టేయాలి. పైన క్లినిక్ పేరు, కింద చిరునామా, వేళలు, ఫోన్ నంబరు. అంతే. ఆ మాత్రం పని ఎవరైనా చేస్తారు. చేతకానిది ఒక్క బ్లాగుబాబుకే, ఎందుకంటే అతను ఆ పనిలో నిపుణుడు.

బ్లాగుబాబు అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. వెబ్‌సైట్లు కట్టడం అతని ఉద్యోగం, వాటిని కట్టే పనిముట్ల గురించి బ్లాగులో నోట్సు రాయడం అతని జబ్బు. కొత్త పనిముట్టు వచ్చిందంటే చాలు, దాంతో ఒక సైటు కట్టి చూడాలి, చూసిందంతా రాయాలి. రాయబోయేసరికి ఉన్న బ్లాగు పాతగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఇంకో వేదికకు మార్చాలి. మార్చాక, ఎలా మార్చాడో మళ్లీ ఒక నోట్సు రాయాలి. ఇలా మారిన ప్రతిసారీ పాఠకుల పేర్లు భద్రంగా వెంట వచ్చేవి గానీ, చదివినవాళ్ల లెక్క మాత్రం సున్నా నుంచి మొదలయ్యేది. ఆ సున్నాను చూసి చూసి అతను లెక్కల వైపు వెళ్లడమే మానేశాడు. తన రాతలు చదివేది అత్తగారొక్కరేనని అతని నమ్మకం. ఆవిడ ప్రతి నోట్సుకూ వెంటనే లైకు కొట్టేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి.

భార్య పశువుల డాక్టరు. మూడు నెలల కిందట పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం మానేసి, ఒక సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని సొంత క్లినిక్ తెరిచింది. మొదటి నెలలో ఒక పిల్లి వచ్చింది, అదీ దారి తప్పి. క్లినిక్ అక్కడ ఉందని లోకానికి తెలియాలంటే సైటు ఉండాలి. ఆ సైటు పెడతానని మొదటి రోజే మాట ఇచ్చినవాడు బ్లాగుబాబు. మాట తప్పలేదు కూడా. దొరికిన ప్రతి పనిముట్టుతోనూ ఆ సైటును ఒకసారి కట్టాడు. ప్రతిదాని మీదా నోట్సు రాశాడు. ఒక్కటీ బయట పెట్టలేదు, అంతే.

ఇంతలో పెద్ద ఆసుపత్రి పెద్ద డాక్టరు కబురు చేశాడు, ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని, వస్తుందో రాదో సోమవారానికల్లా చెప్పమని. శనివారం డాక్టరమ్మ ఏమీ అనకుండా అట్టపెట్టెలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది, ఆదివారం క్లినిక్ సామాను సర్దేయడానికి. తిట్టి ఉంటే బాగుండేది. బ్లాగుబాబు ఆ పెట్టెల వైపు చూడకుండా తప్పుకు తిరిగాడు. తన వల్లే ఆమె కల మూత పడుతోందని అతనికి బాగా తెలుసు.

అందుకే ఆ పొద్దున అంత గట్టి పట్టుదలతో లాప్‌టాప్ తెరిచాడు. తెరిచాడు గానీ, కొత్త వేదిక ఒకటి వచ్చిందని ముందురోజు ఎక్కడో చదివి ఉన్నాడు. బ్లాగు, సైటు, మెయిలు అన్నీ అందులో ఒకే చోట. ఒక్కసారి చూస్తే పోయేదేముంది అనుకుని తన బ్లాగును దానికి తగిలించి, అందులోనే క్లినిక్ పేజీ మొదలుపెట్టాడు. పెద్ద అక్షరాలు ఎలా కనిపిస్తాయో తెలియాలంటే అక్కడ ఏదో ఒకటి రాయాలి. అర్థం లేని మాటలతో నింపితే లోపాలు తెలియవు, నమూనా కూడా అసలులాగే ఉండాలి అని అతనే ఒక నోట్సులో లోకానికి హితవు చెప్పి ఉన్నాడు. ఆ ప్రకారమే, "ఈ ఆదివారం అన్ని జంతువులకూ ఉచిత పరీక్ష. కుక్క, పిల్లి, చిలక... ఏనుగైనా సరే!" అని కొట్టాడు. కింద క్లినిక్ అసలు చిరునామా పెట్టాడు. ఏనుగు ఎందుకంటే, వాక్యం రెండో వరుసలోకి దిగితే ఎలా ఉంటుందో చూడాలి కదా.

ఇన్నేళ్లుగా అతను వాడిన ప్రతి వేదికలోనూ ప్రివ్యూ బటను ఎడమ పక్కన, పబ్లిష్ బటను కుడి పక్కన ఉండేవి. ఈ కొత్త వేదికవాళ్లు కొత్తదనం చూపించాలని వాటిని తారుమారు చేశారు. అలవాటుపడ్డ వేలు ఎడమకే వెళ్లింది. తెర మీద రంగు కాగితాలు రాలాయి. పేజీ లోకానికి చేరిందనీ, అతని పాఠకులందరికీ మెయిలు కూడా పంపేశామనీ ఆ వేదిక అతన్ని అభినందించింది.

వెంటనే పేజీని చెరిపేశాడు. ఫోన్‌లో తెరిచి చూస్తే అది నిక్షేపంలా అలాగే ఉంది. ఎందుకుండదు? సర్వర్ పడిపోయినా తన పేజీలు కనిపిస్తూనే ఉండాలని, ఒక రోజంతా వాటి నకళ్లు ఎక్కడెక్కడో నిలవ ఉండేలా కిందటి నెలలో ఏర్పాటు చేసుకున్నది తనే. అది ఎంత గొప్ప ఏర్పాటో రెండు నోట్సులు రాసిందీ తనే. ఇక లాభం లేదని, పొరపాటైంది, ఉచిత పరీక్ష ఏదీ లేదు, మన్నించండి అని ఇంకో మెయిలు రాసి పంపాడు. ఆ వేదిక మర్యాద తెలిసినది. పాత ప్రకటననే అందంగా పైన అతికించి, క్షమాపణను అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టి అందరికీ చేరవేసింది. మొదటి మెయిలు చూడనివాళ్లు రెండోది చూశారు.

అయినా చదివేది అత్తగారొక్కరే కదా అని ధైర్యం చెప్పుకుని, ఆవిడకు ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఇందాక నా దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చుంటుంది. దాన్నేం పట్టించుకోకండి."

"పట్టించుకోకపోవడమేంటి బాబూ? ఇన్నాళ్లకి మీరు రాసింది నాకు అర్థమైంది. వెంటనే మా వాకింగ్ గ్రూపుకి పంపించేశాను."

"గ్రూపులో ఎంతమందుంటారండీ?"

"మావాళ్లు కొద్దిమందే. వాళ్లు వాళ్లవాళ్లకి పంపుతారు కదా. అయినా అందరి పేర్లూ మీ బ్లాగులో నేనెప్పుడో చేర్పించాను. అల్లుడు అంత కష్టపడి రాస్తుంటే చదివే దిక్కు లేదంటే నాకెంత నామోషీ?"

ఫోన్ పెట్టేసి, చాలాకాలం తర్వాత మొదటిసారి తన పాఠకుల లెక్క తెరిచి చూశాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ అంకె చూసి ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు మాత్రం మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

మిగిలింది ఒక్కటే దారి. ఆ రోజు డాక్టరమ్మ క్లినిక్ వైపు వెళ్లకుండా చూడాలి. సినిమాకు వెళ్దామన్నాడు. ఆమె పెట్టెలు చూపించింది. తలనొప్పన్నాడు. మాత్ర ఇచ్చింది. ఆదివారం పూట సామాను మోసేవాళ్లు దొరకరన్నాడు. దొరికారంటూ అతని చేతికి రెండు పెట్టెలు అందించింది. దారిలో చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు.

"నీకో విషయం చెప్పాలి."

"కొత్త పనిముట్టు గురించేనా?"

"ఆ... అంటే, దాని గురించే, కానీ..."

"అయితే సాయంత్రం చెప్పండి. ఇప్పుడు నాకు ఓపిక లేదు."

సందు మొదట్లోనే వరస కనిపించింది. గోడ వారగా బుట్టలు, గొలుసులు, పంజరాలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. పక్కింట్లో ఎవరికి ఏమైందోనని డాక్టరమ్మ కంగారుపడింది. అంతలో వరసలో ఎవరో డాక్టరమ్మ వచ్చేసిందన్నారు, జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒకావిడ బుట్టలో ఉన్న కోడి ఆమెను చూసి కొక్కొరొకో అంది. ఒక ముసలాయన తాబేలును రెండు చేతులా పైకెత్తి, ఉచిత పరీక్ష అన్నారు, దీనికి రెండు రోజులుగా తిండి సయించట్లేదు, ముందు దీన్నే చూడాలి తల్లీ అన్నాడు.

డాక్టరమ్మ తాళం తీసి లోపలికి వెళ్లి, భర్త వైపు తిరిగింది. అతను నీళ్లు నమలకుండా, పొద్దుటి నుంచీ జరిగింది గబగబా అప్పజెప్పాడు. ఆమె ఫోన్‌లో ఆ పేజీ తెరిచి పైనుంచి కిందిదాకా చదివింది.

"ఏనుగా?" అంది.

"వాక్యం పొడుగు సరిపోవాలని."

ఆమె కిటికీలోంచి వరసకేసి చూసింది. మూడు నెలలుగా ఖాళీగా ఉన్న చేతులు ఆమెవి. ఆ చేతులకు తాబేళ్లు, కోళ్లు, కుక్కపిల్లలు వచ్చి వరసలో నిలబడితే, ఎవరి తప్పు వల్ల వచ్చాయన్నది ఆరా తీసే సమయం కాదది. పైగా పరీక్ష ఉచితం అన్నాడే గానీ టీకాలు, మందులు ఉచితమనలేదు. ఆ మాత్రం లోకజ్ఞానం పొరపాటుగానైనా చూపించాడు. డాక్టరమ్మ గోడకున్న తెల్లకోటు తీసి తొడుక్కుంది.

"ముందు వరస సంగతి చూడండి. అందరికీ చీటీలివ్వండి."

బ్లాగుబాబు ముఖం వెలిగింది. దానికి చిన్న యాప్ చేసేయొచ్చని, ఏ పనిముట్టు వాడాలన్నదే ఆలోచించాలని అంటూ లాప్‌టాప్ సంచి విప్పబోయాడు. డాక్టరమ్మ గోడ క్యాలెండరు పీకి అతని చేతిలో పెట్టింది. రోజుకో కాగితం చింపే క్యాలెండరు అది. ఎవరూ రాని గదిలో తారీఖు మార్చాలన్న ఉత్సాహం పోయి, మార్చి నెలాఖరు దగ్గర ఆగిపోయి ఉంది. ఒక్కో కాగితం చింపి ఇస్తూ పోతే సరి, అంకెలు అచ్చయ్యే ఉన్నాయి. ఏప్రిల్ ఒకటో తారీఖు కాగితాన్ని మాత్రం ఆమె తనే చింపి, మడిచి భర్త జేబులో పెట్టింది.

ఆ తర్వాత అతనికి తలెత్తే తీరిక దొరకలేదు. చిలక గోళ్లు కత్తిరిస్తుంటే పట్టుకున్నాడు, చిలక అతని వేలు పట్టుకుంది. టీకా వేస్తున్నంతసేపూ ఒక కుక్కకు ధైర్యం చెప్పాడు, అది అతని చొక్కా తడిపి వెళ్లింది. తాబేలుకు జబ్బేమీ లేదు, దానికి రోజూ పెట్టే ఆకు నచ్చడం లేదంతే. కాసేపటికి అత్తగారు కూడా దిగింది. జంతువులేవీ లేకుండానే వచ్చింది గానీ, వచ్చీ రాగానే స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చుని, క్యాలెండరు అల్లుడి చేతిలోంచి తీసేసుకుంది. ఇక వరస అంగుళం పక్కకు జరిగితే ఒట్టు. చీటీ ఇచ్చిన ప్రతివాళ్లకూ లోపలున్నది తన కూతురేనని చెప్పింది.

మధ్యాహ్నానికి గుర్రం వచ్చింది. బండి తోలే మనిషి ఒకడు దాన్ని నడిపించుకుని వచ్చాడు, అది ముందు కాలు కింద మోపలేకపోతోంది. గుర్రాలను కూడా చూస్తారా అని బ్లాగుబాబు లోపలికి వెళ్లి అడిగేలోగా ఆ మనిషి తన ఫోన్ చూపించాడు.

"ఏనుగైనా సరే అన్నారు కదండీ. ఇది గుర్రమే."

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు కారు దిగాడు. ఆయన భార్య కూడా వాకింగ్ గ్రూపులో మనిషే. మెయిలు చూసి, ఈ అమ్మాయికి మతి పోయిందేమో చూసి వద్దామని బయల్దేరాడాయన. తిన్నగా లోపలికి పోబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. నేనెవరో తెలుసా అన్నాడాయన. తెలియదంది ఆవిడ. పెద్ద డాక్టరునన్నాడు. అయితే జంతువేది అని అడిగి, మే నెల తారీఖు ఒకటి చింపి చేతిలో పెట్టింది. ఆ పెద్దమనిషి చీటీ పట్టుకుని వెళ్లి వరస చివర నిలబడ్డాడు.

గుర్రం గుమ్మంలో పట్టలేదు. డాక్టరమ్మే సందులోకి వచ్చింది. గిట్టలో చీము పట్టింది, కోసి శుభ్రం చేయాలి, కాలు కదలకుండా పట్టుకోవడానికి తెలిసిన చేతులు కావాలి. చుట్టూ చూసింది. వరసలో ఆయన కనిపించాడు.

"సార్, ఆ కాలు కాస్త పట్టుకుంటారా?"

పెద్ద డాక్టరు కోటు విప్పి బ్లాగుబాబు భుజాన వేశాడు. ఎన్నో ఏళ్లుగా సంతకాలు తప్ప ఇంకేమీ చేయని చేతులు అవి, అయినా గుర్రం కాలు పట్టుకోగానే పాత పట్టు దొరికింది. అరగంట తర్వాత గుర్రం నాలుగు కాళ్లూ నేలన మోపి నిలబడింది. సందంతా చప్పట్లు కొట్టింది. బండి మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట తుడుచుకుంటున్న పెద్ద డాక్టరు ముఖం కుర్రవాడి ముఖంలా ఉంది.

"నిన్ను మళ్లీ రమ్మని చెప్పడానికొచ్చానమ్మా," అన్నాడాయన.

డాక్టరమ్మ వరసకేసి చూసింది. ఇంకా సందు మలుపు దాకా ఉంది.

"నాకు కుదరదు సార్. చూశారుగా, ఇక్కడే చేతులు చాలట్లేదు." చేతి తొడుగులు మార్చుకుంది. "మీకు ఆదివారాలు ఖాళీయేనా?"

ఆయన గుర్రం మెడ నిమిరాడు.

"పొద్దున ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

సాయంత్రానికి వరస అయిపోయింది. అట్టపెట్టెల్లో ఒకదాంట్లో వాడిన దూది, ఇంకోదాంట్లో ఎవరో మర్చిపోయిన పిల్లిపిల్ల ఉన్నాయి. దూది పెట్టెను చెత్తలో పడేశారు, పిల్లిపిల్ల ఉన్నదాన్ని ఉంచుకున్నారు. వచ్చే వారానికి పేర్లు రాయించుకునేవాళ్లతో క్లినిక్ ఫోన్ మోగుతూనే ఉంది. అత్తగారు క్యాలెండరును తిరిగి మేకుకు తగిలించింది. చింపుతూ చింపుతూ వచ్చిన ఆ క్యాలెండరు సరిగ్గా ఆ రోజు తారీఖు చూపిస్తోంది. డాక్టరమ్మ దాన్ని చూస్తూ గోడకు ఆనుకుని నిలబడి, మూడు నెలల తర్వాత మనసారా నవ్వింది.

బ్లాగుబాబు మాత్రం ఇంకా తిట్ల కోసమే ఎదురుచూస్తున్నాడు.

"మీరు ఇన్నేళ్లుగా రాసిన నోట్సుల్లో పనికొచ్చింది ఇదొక్కటే," అందామె.

ఆ మాటతో అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. చెరిపేసిన పేజీ నకళ్ల గడువు మర్నాటితో తీరిపోతుంది కాబట్టి, అదే పేజీని మామూలుగా, ఏ పనిముట్టూ లేకుండా కోడంతా తనే రాసి పెట్టాడు. ఆదివారం, ఉచితం అన్న మాటలు తీసేశాడు, ఏనుగును ఉంచమని డాక్టరమ్మే చెప్పింది. పనంతా కాఫీ చల్లారేలోగా అయిపోయింది. ఇక మిగిలిన కాఫీ తాగుతూ, ఇదే పేజీని ఆ కొత్త వేదికలో ఇంకా అందంగా కట్టొచ్చు కదా అని పైకే అనేశాడు.

ఆ పేజీ పాస్‌వర్డు ఇప్పుడు అత్తగారి దగ్గర ఉంది. కావాలంటే అల్లుడైనా సరే, చీటీ తీసుకుని వరసలో నిలబడాలి.