హాఫ్ టైమ్‌లో ప్రమోషన్

ఫుట్‌బాల్‌కి బంతి ముఖ్యమని మీరు ఇంకా నమ్ముతున్నారా? అయితే మీకు లోకజ్ఞానం బొత్తిగా లేదన్నమాట! బంతి లేకపోతే అరువు తెచ్చుకోవచ్చు. ఆటగాళ్ళు లేకపోతే ప్రేక్షకుల్లోంచి పిలవొచ్చు. స్ట్రక్చర్ లేకపోతే మాత్రం ఎవరేం చేయగలరు? మంచి స్ట్రక్చర్ ఉన్నచోట ఆట లేకపోయినా లీగ్ దివ్యంగా నడుస్తుంది. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది మా ప్రాంతీయ సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్. కనిపెట్టినందుకు వాళ్ళని ఎవరూ సన్మానించలేదు కాబట్టి, ఆ పని ఈ వారం నేను చేస్తున్నాను.

సెమీ ప్రొఫెషనల్ అంటే ఏమిటని అడుగుతారేమో. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ఆడేవాడు. ఆట పిచ్చి చూసి మేనేజరు విసుక్కుంటాడు, ఉద్యోగం గొడవ చూసి కోచ్ విసుక్కుంటాడు, రెండూ చూసి భార్య విసుక్కుంటుంది. ఇలా మూడు వైపుల నుంచీ చీవాట్లు తినే భాగ్యం పూర్తి ప్రొఫెషనల్‌కి దక్కుతుందా చెప్పండి!

మా అక్క మొగుడికి దక్కింది. మా బావ బస్ డిపోలో మెకానిక్కు, డిపో జట్టుకి గోల్‌కీపరు. ఊళ్ళో అందరూ ఆయన్ని 'గోడ' అంటారు. బంతి తనని దాటి పోదు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన అంటాడు. ఎంత మాట్లాడినా ఉలకడు పలకడు కాబట్టి వచ్చిందని మా అక్క అంటుంది. ఇద్దరి మాటా నిజమే.

బావ సంగతి తరవాత. ముందు చరిత్ర వినాలి. చరిత్ర వినకపోతే మా కమిటీవారి బుర్ర ఎంత పదునో మీకు అర్థం కాదు.

మొదట్లో మా లీగ్‌లో ఉన్నవి గుప్పెడు జట్లు. డెయిరీ, డిపో, ప్రింటింగ్ ప్రెస్సు, పైపుల ఫ్యాక్టరీ, లాండ్రీ, ఇంకా అలాంటివే మరికొన్ని. అన్నీ కలిపి ఒకే డివిజన్. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాడికి కప్పు. ఎంత మోటు పద్ధతో చూశారా!

ఆ మొదటి ఏడాదే డెయిరీ జట్టు అందరికంటే అడుగున తేలింది. ఎవరో ఒకరు అడుగున ఉండాలి కదా అంటారు మీరు. ఉండాలి, కాదనను. కానీ డెయిరీ యజమాని లీగ్‌కి ప్రెసిడెంటు కూడా అయితే? ప్రెసిడెంటుగారు అడుగున ఎలా ఉంటారండీ, కాస్త ఆలోచించండి!

కమిటీ తలలు పట్టుకుని కూర్చుంది. అప్పుడు సెక్రటరీగారు లేచారు. ఆయన లేచారంటే ఏదో ఒకటి తెగ్గొట్టందే కూర్చోరు. "డెయిరీని కిందికి దించడం దేనికి? మిగతావాళ్ళని పైకి ఎక్కించేద్దాం!" అన్నారు. హాలంతా చప్పట్లు. మిగతా జట్లన్నిటినీ కొత్తగా పెట్టిన సీనియర్ డివిజన్‌కి ఎక్కించారు. పాత డివిజన్‌లో డెయిరీ ఒక్కటే మిగిలింది. ఒక్కటే మిగిలింది కాబట్టి దానికదే చాంపియన్! కప్పుని పాల వ్యాను మీద పెట్టి ఊరంతా తిప్పారు. అంతటి చాంపియన్లని ఊరికే వదిలేస్తారా? మరుసటి ఏడాది అందరి నెత్తిన ప్రీమియర్ డివిజన్ అని ఇంకొకటి పెట్టి, డెయిరీనీ, ప్రెసిడెంటుగారికి కావలసిన మరో నాలుగు జట్లనీ తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టారు.

అది మొదలు మా లీగ్‌లో కిందికి దిగిన జట్టు లేదు. ఎవరైనా దిగబోతున్నారంటే చాలు, వాళ్ళ కాళ్ళ కింద కొత్త డివిజన్ ఒకటి మొలిచేది.

ఒక ఏడాది తూర్పు జోను, పడమర జోను అని విడదీశారు. గీత సరిగ్గా పైపుల ఫ్యాక్టరీ మధ్యలోంచి పోయింది. మిషన్ షెడ్డు వాళ్ళు తూర్పు, ప్యాకింగ్ వాళ్ళు పడమర. ఆ ఏడాది ఫ్యాక్టరీ తనతో తనే ఫైనల్ ఆడి, హోరాహోరీగా పోరాడి, చివరికి ఎలాగో గెలిచింది.

ఇంకో ఏడాది ప్లేఆఫ్‌లు ముందు పెట్టి లీగ్ మ్యాచ్‌లు తరవాత పెట్టారు. టెన్షన్ ఏదో మొదట్లోనే అయిపోతే మిగతా సీజనంతా అందరూ హాయిగా ఆడుకోవచ్చని సెక్రటరీగారి ఉద్దేశం. ఆ పై ఏడాది ఓడిన జట్టుకి ఓదార్పు పాయింటు పెట్టారు. వాన వల్ల ఆట ఆగిపోతే ఇద్దరికీ గెలుపు పాయింట్లు ఇచ్చారు. ఆ సీజన్లో లాండ్రీవాళ్ళు ప్రాక్టీసు మానేసి ఆకాశం కేసి చూస్తూ గడిపారు. కప్పూ కొట్టారు! వాళ్ళ షోకేసులో ఇవాళ కప్పులు పెట్టడానికి చోటు లేదు. ఏ మ్యాచ్ గెలిచారని మాత్రం అడక్కండి, నొచ్చుకుంటారు.

ఇన్ని డివిజన్లకీ మాకున్న మైదానాలు రెండు. ఒకటి మున్సిపల్ స్టేడియం. పచ్చటి గడ్డి. దాని ఇనప గేటు మీద 'ప్రీమియర్ డివిజన్ జట్లకు మాత్రమే ప్రవేశం' అని పెద్ద పెద్ద అక్షరాలతో పెయింటు వేసి ఉంటుంది. రెండోది రోడ్డుకి అవతల, డిపో వెనక. మిగతా డివిజన్లన్నీ దాంట్లోనే. అక్కడ ఉన్నది కంకర.

కంకర మైదానాన్ని తక్కువ అంచనా వెయ్యకండి! దాని మీద పడ్డవాడికి మోకాలి చర్మం ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది. ఈ సౌకర్యం గడ్డి మీద ఆడేవాళ్ళకి లేదు, పాపం. గోల్‌కీపరు మిగతావాళ్ళకంటే ఎక్కువసార్లు పడతాడు కాబట్టి మా బావకి ఈ లాభం అందరికంటే ఎక్కువే ముట్టింది. ఆయన జెర్సీలు ఉతికీ ఉతికీ మా అక్క మరకల్లో ఆరితేరింది. గ్రీజుకి కిరసనాయిలు, మట్టికి బ్రష్షు, రక్తానికి చన్నీళ్ళు. దూరం నుంచే చూసి ఏ మరకో చెప్పేస్తుంది.

బావకి జీవితంలో ఉన్నది ఒకే ఒక్క కోరిక. మోకాలు పూర్తిగా మొరాయించేలోపు ఒక్క మ్యాచ్, ఒకే ఒక్క మ్యాచ్, గడ్డి మీద ఆడాలి. కప్పు అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. "గడ్డి మీద దూకితే ఎలా ఉంటుందిరా?" అని నన్ను అడిగేవాడు. కలం పట్టినవాడికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం. మెత్తగా ఉంటుందేమో బావా అనేవాణ్ణి. ఆ మాటకే మొహం వెలిగిపోయేది మనిషికి.

పోయిన సీజన్లో ఘోరం జరిగింది. డిపో జట్టు నిజంగా ఆడి, నిజంగా గెలిచి, సీనియర్ డివిజన్లో మొదటి స్థానంలో నిలిచింది! చివరి మ్యాచ్‌లో ప్రెస్సువాళ్ళ పెనాల్టీని బావ కంకర మీద పొర్లి ఆపాడు. ఆ దెబ్బకి మోకాలు వాచి గుమ్మడికాయంత అయింది. డాక్టరు చూసి, "వచ్చే సీజన్లో ఒక్క మ్యాచ్ ఆడతానంటే ఆడు. ఆ తరవాత ఆడావో, మెట్లెక్కడం మరిచిపో" అన్నాడు. బావ నవ్వుతూ బయటికొచ్చాడు. ఎందుకు నవ్వడు? ఆ ఒక్క మ్యాచ్ ప్రీమియర్ డివిజన్లో. అంటే గడ్డి మీద!

కమిటీకి మాత్రం ముచ్చెమటలు పోశాయి. ఆడి పైకొచ్చిన జట్టుని లీగ్ పుట్టాక చూడ్డం వాళ్ళకదే మొదలు. డిపో ప్రీమియర్‌లోకి వస్తే అక్కణ్ణించి ఒకరు దిగాలి. అడుగున ఉన్నది ఎవరనుకుంటున్నారు? సరిగ్గా ఊహించారు.

మళ్ళీ సెక్రటరీగారే లేచారు. సీనియర్ డివిజన్ మొత్తాన్నీ ప్రీమియర్‌కి ఎక్కించారు. పాత ప్రీమియర్ మొత్తాన్నీ 'ఎలైట్' అనే కొత్త డివిజన్‌కి ఎక్కించారు. అందరికీ ప్రమోషన్! ఒక్కరి మనసైనా నొచ్చిందా? లేదే!

బావ నన్ను వెంటబెట్టుకుని లీగ్ ఆఫీసుకి వెళ్ళాడు.

"సార్, మేం పైకెళ్ళినట్టేనా?"

"వెళ్ళారయ్యా! శుభం!"

"మరి మా పైవాళ్ళు?"

"వాళ్ళూ వెళ్ళారు!"

"మరి వాళ్ళ డివిజన్లో మేం ఆడేదెప్పుడు సార్?"

"వాళ్ళని అందుకున్నప్పుడు," అన్నారు సెక్రటరీగారు ఆప్యాయంగా.

షెడ్యూలు గోడకి అంటించి ఉంది. డిపో వర్సెస్ ప్రెస్సు, కంకర మైదానం. అదే జట్టు, అవే రాళ్ళు. బావ ఇంటికొచ్చి జెర్సీ తీసి అలమరలో అడుగున పెట్టేశాడు. మా అక్క చూసింది. "ఆడితే ఆడండి, మానితే మానండి. ఆ మొహం మాత్రం అలా పెట్టుకోకండి, చూళ్ళేకపోతున్నా" అంది. తిట్టినట్టే ఉంది గానీ, జెర్సీని మళ్ళీ పైకి తీసి ఇస్త్రీ చేసి పెట్టింది.

మ్యాచ్ రోజు వచ్చింది. అక్క రానంది. ఆయన పడుతుంటే చూసే ఓపిక తనకి ఎప్పుడూ లేదు. నేను వెళ్ళాను. కంకర మీద రెండు జట్లూ బూట్ల లేసులు కట్టుకుంటున్నాయి. రోడ్డుకి అవతల డెయిరీవాళ్ళ బస్సు స్టేడియం గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. గేటు తెరుచుకోలేదు.

స్టేడియంకి ఒక వాచ్‌మన్ ఉన్నాడు. గేటు మీద ఏం రాసి ఉంటే అదే ఆయనకి చట్టం. "మీరే డివిజన్?" అని అడిగాడు.

"ఎలైట్!" అన్నాడు డెయిరీ కెప్టెన్ ఛాతీ విరుచుకుని.

"అయితే ఇక్కడ కాదండి. చదువుకోండి," అని గేటు చూపించాడు. "ప్రీమియర్ వాళ్ళెక్కడ?"

చూశారా! ఇన్నేళ్ళుగా ప్రతిదాని పేరూ మార్చిన కమిటీవారు గేటు మీద పెయింటు మార్చడం మరిచిపోయారు! వాచ్‌మన్ రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యి ఊపాడు. "ప్రీమియర్ వాళ్ళూ! ఇటు రండయ్యా, మీ కోసమే చూస్తున్నా!"

రెండు జట్లూ నోళ్ళు తెరుచుకుని రోడ్డు దాటాయి. రెఫరీ కూడా దాటాడు, ఆయన మోకాళ్ళూ మోకాళ్ళేగా! బావ గోల్ దగ్గరికి వెళ్ళి వంగి, గడ్డిని అరచేత్తో నిమిరాడు.

ఆట మొదలైంది. ప్రెస్సువాళ్ళు కొట్టిన మొదటి బంతి గోల్‌కి ఆమడ దూరంలో బయటికి పోతోంది. బావ అయినా దూకాడు. పూర్తిగా గాల్లోకి లేచి, ఎడమవైపుకి పడి, రెండు దొర్లు దొర్లి, అక్కడే వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ నవ్వాడు. అది చూసి ప్రెస్సువాళ్ళకీ సరదా పుట్టింది. ఎవరూ తోయకుండానే పడుతున్నారు. "మీరు ఆడుతున్నారా, దొర్లుతున్నారా?" అని రెఫరీ కసిరాడు. ఒక్క గోలూ పడలేదు. అంత గొప్ప ఆట నా జన్మలో చూడలేదు.

ఈలోగా డెయిరీవాళ్ళు కంకర మీద వార్మప్ చేస్తున్నారని తెలిసి ప్రెసిడెంటుగారు కారేసుకుని వచ్చేశారు. హాఫ్ టైమ్‌కి స్కోరర్ గదిలో కమిటీ అత్యవసరంగా కూర్చుంది. టీ చల్లారేలోపు తీర్మానం అయిపోయింది. సెక్రటరీగారు మైకు పట్టుకుని మైదానంలోకి వచ్చారు.

"ఎలైట్ డివిజన్ ఈ క్షణం నుంచి ప్రీమియర్ డివిజన్! ఇక మీరు..." అని మా వాళ్ళ వైపు తిరిగి, "మీకు మళ్ళీ ప్రమోషన్! ఈ క్షణం నుంచి మీరు మహా ప్రీమియర్ డివిజన్!" అన్నారు.

హాఫ్ టైమ్‌లో ప్రమోషన్ పొందిన జట్టు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? వాచ్‌మన్ గేటు దాకా వెళ్ళి అక్షరాలు ఇంకోసారి చదువుకుని వచ్చాడు. "మహా ప్రీమియర్ అని లేదండి ఇక్కడ. ఎదురు మైదానానికి వెళ్ళండి," అన్నాడు, పాపం ఆయనకీ మనసు రాలేదు.

బావ సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళాడు. ఉలకని పలకని మనిషి చేతులు జోడించి అడిగాడు. "సార్, సగం ఆట మిగిలుంది. మమ్మల్ని ఒక డివిజన్ కిందికి దించెయ్యండి సార్. ప్రీమియర్‌లోనే ఉండిపోతాం. ఈ ఒక్క పూటకి."

సెక్రటరీగారు ఆయన భుజం తట్టారు. "నిన్ను దించితే మాకు కళ్ళు పోతాయయ్యా. మన లీగ్‌లో ఎవర్నీ కిందికి దించే ఆచారం లేదు."

రెండో సగం కంకర మీద ఆడారు. చివరి నిమిషంలో ప్రెస్సువాళ్ళ బంతి కుడి మూలకి దూసుకొచ్చింది. వదిలెయ్యి బావా అని నేను అరిచాను. వదిలితే ఆయన గోడ ఎందుకవుతాడు? దూకాడు, ఆపాడు. లేవలేకపోయాడు. ప్రెస్సు ఫార్వర్డూ నేనూ చెరో భుజం పట్టుకుని ఇంటికి తెచ్చాం.

అక్క మంచం వాల్చింది. మోకాలికి కట్టు కట్టి, జెర్సీ విప్పించి, పెరట్లో బకెట్టు దగ్గర కూర్చుంది. కుడివైపు మోచేతి దగ్గర ఎర్రగా ఉంది. చన్నీళ్ళు పోసి నానబెట్టింది. ఎడమవైపు తిప్పింది. ఆగిపోయింది. వెలుతురులో పెట్టి చూసింది, వాసన చూసింది.

"ఏమండీ, ఈ పచ్చ మరకేంటి? ఇన్నేళ్ళలో ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదే!"

"గడ్డి," అన్నాడు బావ లోపలి నుంచి.

అక్క సబ్బు కింద పెట్టేసింది. కుడివైపు మాత్రమే పిండి, జెర్సీని తీగ మీద ఆరేసింది. అది ఇవాళ్టికీ అలాగే ఉంది, ఒక పక్క పచ్చగా.

మా లీగ్‌కి ఇప్పుడు తొమ్మిది డివిజన్లు. పదోదాని కోసం కమిటీ కూర్చుందట, సంతోషం. స్ట్రక్చర్ వరమే అని నేను మొదటే ఒప్పుకున్నాను కదా! మీకు నాదొక్కటే మనవి. గడ్డి మరక పోగొట్టే చిట్కా ఏదైనా మీకు తెలిస్తే, దయచేసి మా అక్కకి చెప్పకండి.